దిరిసెన దుంగ డైరీ: నవంబరు కోత నుంచి ఆగస్టు దాకా

సరుకు: తుఫాను గాలికి రోడ్డు పక్కన వేళ్లతో సహా పడిపోయిన దిరిసెన మొదలు. నాలుగేసి అడుగుల దుంగలు మూడు. చోటు: గోదావరి గట్టుకు దగ్గరలో, మూడు వైపులా గోడలు లేని రేకుల షెడ్డు. చేయదలచినవి: వామనగుంటల పీట, ఒకే పలకలోంచి మడత వ్యాసపీఠం, జారుడు మూత పెట్టె.

కలప వ్యాపారంలో దిరిసెనకు 'ఈస్ట్ ఇండియన్ వాల్‌నట్' అని పేరుంది. అండమాన్ వైపు నుంచి వచ్చే సరుకును 'కోకో' అంటారు. అసలు వాల్‌నట్, అంటే అక్రోటు, కశ్మీరు చెట్టు. దీనికీ దానికీ చుట్టరికం లేదు. ముదురు గోధుమ రంగు చేవ (దుంగ లోపలి గట్టి చెక్క), అందులో నల్లటి చారలు చూసి ఎవరో అంటగట్టిన పేరు. రంగు వరకు ఒప్పుకోవచ్చు. పనిలో మాత్రం దిరిసెన మొండిది. నార ఒక పొర కుడికి, మరో పొర ఎడమకి తిరిగి అల్లుకుని ఉంటుంది. కవులు శిరీష పువ్వును మెత్తదనానికి పోలిక తెచ్చుకున్నారు గానీ, వాళ్లలో ఎవరూ దాని చేవ మీద చిత్రిక పట్టి ఉండరు.

నవంబరు 6. దుంగలు

పడిపోయిన చెట్టే కదా అని బండిలో వేసుకుని వచ్చేయకూడదు. రోడ్డు పక్క చెట్టుకు సొంతదారు ఉంటాడు: పంచాయతీయో, రోడ్లు భవనాల శాఖో. చెట్టు నరకడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం వర్తిస్తుంది. దుంగ రోడ్డెక్కే ముందు రవాణా పర్మిట్ కావాలో అక్కర్లేదో అటవీ రేంజి ఆఫీసులో అడిగి, చెప్పిన మాట కాగితం మీద తీసుకోవాలి. కాగితం చూడకుండా ఏ కోత మిల్లూ దుంగను బల్ల ఎక్కించదు.

చుట్టుకొలత 48 అంగుళాలు. అడితిలో కొలిచే పద్ధతి ఇది: చుట్టుకొలతలో నాలుగో వంతు తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చించి, పొడవుతో హెచ్చించాలి. ఇక్కడ నాలుగో వంతు ఒక అడుగు, పొడవు నాలుగడుగులు, కాబట్టి దుంగకు 4 ఘనపుటడుగులు. అసలు గుండ్రటి దుంగ లెక్క వేస్తే 5.09 వస్తుంది. అడితి లెక్క అసలులో 78.5 శాతమే చూపుతుందన్నమాట. కొనేవాడికి ఇది లాభంలా కనిపిస్తుంది గానీ, ఆ తేడా బెరడుకీ చెక్కపేళ్లకీ రంపపు పొట్టుకీ ముందే వదిలేసిన వాటా. పచ్చి దుంగ ఒక్కోటి నూట నలభై కిలోల పైమాటే. ఇద్దరు మనుషులతో ఎత్తే పని పెట్టుకోవద్దు, గునపాలతో దొర్లించాలి.

చెట్టు పడి అప్పటికి ఎనిమిది రోజులు. అడ్డంగా కోసిన అరగంటలోనే రెండు కొసలకూ పాత ఎనామిల్ పెయింటు రెండు పూతలు వేశాం. తేమ పలక వెడల్పు ముఖంలోంచి కంటే కొసల్లోంచి ఎన్నో రెట్లు వేగంగా పోతుంది. నీళ్లు ఎక్కిన గొట్టాలన్నీ అక్కడే నోరు తెరిచి ఉంటాయి మరి. పూత వేయకపోతే కొసలు ముందే ఎండి, కుంచించుకుని, లోపలి పచ్చి చెక్క కదలనివ్వక పగులుతాయి. పెయింటు లేకపోతే కరిగించిన మైనం, అదీ లేకపోతే తారు. నీళ్లు కలిపిన ఫెవికాల్ రాయడం కొందరికి అలవాటు. ఆ పొర పలచన, రెండు వారాలకే దాని కిందనుంచి నెర్రెలు కనిపిస్తాయి.

నవంబరు 8. కోత

రోడ్డు పక్క చెట్లలో మేకులుంటాయి. ట్యూషన్ బోర్డులు, ఎన్నికల అట్టలు, ముళ్లతీగ, ఎప్పుడో కొట్టిన గుర్రపు నాడా. ఇనుము ఉన్న చోట చెక్క నీలం కలిసిన నలుపుకు తిరుగుతుంది. చెక్కలోని వగరు ఇనుముతో కలిసి సిరాలా మారడమే కారణం. కొసల్లో అలాంటి మరక ఒక్కటి కనిపించినా ఆ గీత వెంట ఎక్కడో మేకు ఉందనే అర్థం. మెటల్ డిటెక్టరు మీద దుంగను నాలుగు పక్కలా తిప్పి చూశాం. రెండు మేకులు బెరడు కిందే దొరికాయి, ఒకటి చేతి లోతున ఉంది. దాని చుట్టూ ఉలితో తొలిచి లాగాల్సి వచ్చింది. బ్యాండ్ సా బ్లేడు పళ్లు పోతే ఖర్చు దుంగ తెచ్చినవాడిదే, కోత కూలీ మాట్లాడేటప్పుడే ఈ సంగతి తేల్చుకోవడం మంచిది.

నడిమి దవ్వను, అంటే దుంగ నట్టనడుమ ఉండే మెత్తటి భాగాన్ని, పలకలో ఉంచకూడదు. దాని చుట్టూ రెండేసి అంగుళాల మేర చెక్క ఆరేటప్పుడు తప్పకుండా చీలుతుంది. చుట్టు దిశలో చెక్క కుంచించుకునేది వ్యాసం దిశలో కంటే దాదాపు రెండింతలు. దవ్వ చుట్టూ వలయం పూర్తిగా మూసుకుని ఉంటే ఆ తేడా తీరేందుకు దారి ఉండదు, పగులే దారి. అందుకే దవ్వ ఉన్న నడుముని నిలువు దిమ్మెగా విడదీసి పొయ్యి కట్టెల్లో వేశాం.

వచ్చినవి: 28 మి.మీ. మందం పలకలు 22, 50 మి.మీ. మందానివి 4. సగటు వెడల్పు 200 మి.మీ. మొత్తం 6.9 ఘనపుటడుగులు. మూడు దుంగల అసలు ఘనంతో పోలిస్తే 45 శాతం. ఇంతకంటే ఎక్కువ వస్తుందని ఆశ పెట్టుకోవద్దు.

పొట్టు సంగతి ఒకటి. దిరిసెన పొట్టు ముక్కులో పడితే తుమ్ములు ఆగవు, కళ్లు మండుతాయి. కోతకైనా ఉప్పు కాగితానికైనా మాస్కు తప్పనిసరి, తడిగుడ్డ కట్టుకుంటే చాలదు. ఈ కారణంగానే దీనితో గరిటెలూ అట్లకాడలూ చేయలేదు. వంటింటి సామానుకు చింత, వేప ఉన్నాయి.

నవంబరు 9. తూకం, మందు, పేర్పు

డైరీలో అన్నిటికంటే విలువైన రోజు ఇదే. చెక్క ఆరిందా లేదా అని వేలితో తట్టి చెప్పేవాళ్లున్నారు. చప్పుడు నిజంగానే మారుతుంది, కానీ 20 శాతానికీ 13 శాతానికీ ఉన్న తేడా చెవికి దొరకదు. త్రాసుకి దొరుకుతుంది.

ఒక పలక ఎంచి, దాని కొసనుంచి 30 సెం.మీ. వదిలేసి (కొస ముందే ఆరి ఉంటుంది, అది అబద్ధం చెబుతుంది), అక్కడ నార వెంట 25 మి.మీ. ముక్క అడ్డంగా కోశాం. కోసిన ఐదు నిమిషాల్లోపే బంగారపు త్రాసు మీద: 138.6 గ్రాములు. దాన్ని ఓటీజీలో (వంటింటి కరెంటు ఓవెన్‌లో) 103 డిగ్రీల దగ్గర ఉంచి, మర్నాటి నుంచి రెండేసి గంటలకోసారి తూచాం. వరసగా మూడుసార్లు ఒకే బరువు చూపినప్పుడు ఆపాలి. ఆగింది 83.5 దగ్గర. పోయిన నీరు 55.1 గ్రాములు, దాన్ని ఎండు బరువుతో భాగిస్తే 66 శాతం. భాగించేది ఎండు బరువుతో, పచ్చి బరువుతో కాదు. ఇక్కడ పొరపడితే 40 శాతం అని వస్తుంది, ఆ తర్వాత లెక్కలన్నీ దారి తప్పుతాయి.

అదే పలకలో మిగిలిన 90 సెం.మీ. ముక్క నమూనా పలక. దాని కొత్త కొసకు పెయింటు వేసి తూచితే 4,980 గ్రాములు. 66 శాతం తేమ అంటే ఎండు బరువు 4,980 ÷ 1.66, అంటే 3,000 గ్రాములు. ఇక ఆరు నెలలపాటు చేయాల్సింది దీన్ని తీసి తూచడమే. 3,600 చూపిన రోజు 20 శాతం, 3,360 చూపిన రోజు 12 శాతం. పలక మీదే మార్కరుతో ఈ అంకెలు రాసి పెట్టాం.

చెక్కలో తేమ చూపే పిన్నుల మీటరు కూడా ఉంది గానీ రెండు కారణాల వల్ల దాన్ని రెండో సాక్షిగానే వాడాలి. పిన్నులు కొన్ని మిల్లీమీటర్ల లోతే దిగుతాయి. పైగా బోరాక్స్ మందు పట్టిన చెక్కలో ఉప్పు విద్యుత్తును తేలిగ్గా పోనిస్తుంది కాబట్టి, లేని తేమ చూపిస్తుంది.

మందు సంగతి: దిరిసెనలో తెల్లచెక్క, అంటే బెరడు కింది లేత చెక్క, వెడల్పు ఎక్కువ. పిండి పదార్థం ఉండే ఆ తెల్లచెక్కనే పుచ్చు పురుగు వెతుక్కుంటూ వస్తుంది. చేవను ముట్టుకోదు. తెల్ల అంచులున్న పలకలన్నిటినీ పచ్చిగా ఉండగానే మందులో ముంచాలి. పచ్చి చెక్కలో మందు నీటి వెంట లోపలికి పాకుతుంది, ఎండాక పైపూతగానే మిగులుతుంది. పాళ్లు: పది లీటర్ల వేడినీళ్లకు బోరాక్స్ 300 గ్రాములు, బోరిక్ యాసిడ్ 200 గ్రాములు. విడివిడిగా కంటే రెండూ కలిపితే బాగా కరుగుతాయి. పది నిమిషాలు ముంచి, పలక మీద పలక వేసి, పాలిథిన్ కప్పి ఒక వారం అలాగే ఉంచాలి. మందు లోపలికి పోయే సమయం అది. రబ్బరు తొడుగులు వేసుకోవాలి, పిల్లలనూ పశువులనూ ఆ తొట్టి దగ్గరికి రానివ్వకూడదు. పూర్తిగా చేవ ఉన్న ఆరు పలకలనూ, నమూనా పలకనూ ముంచలేదు.

పేర్పు: నేలనుంచి ఒకటిన్నర అడుగు ఎత్తున సిమెంటు దిమ్మెలు, వాటి మీద మూడు దూలాలు. దూలాల పైతలం అన్ని వైపులా ఒకే మట్టం ఉండాలి. అక్కడ వంకరుంటే ఆ వంకరలోనే పలకలు ఎండి బిగుసుకుంటాయి, తర్వాత ఏ బరువూ దాన్ని సరిచేయదు. పలకకూ పలకకూ మధ్య 20 మి.మీ. రీపర్లు (సన్న కర్రపట్టీలు), 40 సెం.మీ.కి ఒకటి చొప్పున నాలుగు వరసలు. చివరి రెండూ కచ్చితంగా కొసల అంచునే. కింది రీపరు మీదే పై రీపరు, నిలువుగా ఒకే గీతలో. ఒక్కటి పక్కకు జరిగినా బరువు పలక నడుం మీద పడి వంపు తిరుగుతుంది. రీపర్లు పూర్తిగా ఎండినవై ఉండాలి. పచ్చి రీపరు పెడితే దాని కింద అడ్డంగా మచ్చ పడుతుంది, చిత్రికకు రెండు మి.మీ. పోయినా ఆ మచ్చ పోదు. పైన ఇరవై సిమెంటు ఇటుకలు.

మందు తొట్టిలోంచి తీసిన పలకలు 16న పేర్పులో చేరాయి.

నవంబరు 24

నమూనా 4,380 గ్రాములు. 46 శాతం.

మబ్బు పట్టిన వారం, రెండు జల్లులు. తెల్లచెక్క మీద నీలి మచ్చ మూడు పలకలకు కనిపించింది. బలానికి నష్టం లేదు, చూపుకే. రీపర్లు 20 బదులు 25 మి.మీ. పెట్టి ఉంటే గాలి ఇంకాస్త ఆడేది; ఈశాన్య ఋతుపవనం నడిచే నెలల్లో కోసేవాళ్లు 25 పెట్టుకోవడమే మంచిది.

డిసెంబరు 9

3,990 గ్రాములు, 33 శాతం. ఇంతవరకూ పోయింది గొట్టాల్లో నిలిచిన నీరు. అది పోతున్నంతసేపూ చెక్క కొలతలో పెద్దగా మారదు. దాదాపు 30 శాతం కిందికి దిగాక ఆ గొట్టాల గోడల్లో పట్టి ఉన్న నీరు పోవడం మొదలై, కుంచించుకోవడం అప్పుడు మొదలవుతుంది. పగుళ్లూ వంకరలూ ఇకనుంచే రావాలి. పడమర పక్కకు గ్రీన్ నెట్ కట్టాం.

జనవరి 8

3,600 గ్రాములు. 20 శాతం. అనుకున్నట్టే గొడవలు వచ్చాయి.

రెండు పలకల కొసలు 60 మి.మీ. లోపలికి పగిలాయి. చూస్తే, మిల్లులో చివర సరిచేసిన తర్వాత వాటికి మళ్లీ పెయింటు వేయడం మరిచారు. తప్పు ఎవరిదో చెప్పక్కర్లేదు, బ్రష్షు పట్టుకున్నవాళ్లదే. పగులు కనిపించే చోటితో ఆగదు. కంటికి కనిపించినదానికి అంగుళంన్నర కలిపి కోసి పారేయాలి.

ఒక పలక మెలి తిరిగింది. నాలుగు అడుగుల పొడవులో ఒక మూల 12 మి.మీ. పైకి లేచింది. దవ్వకు దగ్గరగా కోసిన పలక అది. పడేయనక్కర్లేదు: నాలుగు ముక్కలు చేస్తే ఒక్కో ముక్కకు మెలి 3 మి.మీ.కి దిగుతుంది, చిత్రికతో పోతుంది. చిన్న పనులకు చెక్క తీసుకోవడంలో ఉన్న సుఖమే ఇది. పెద్ద బల్లకు పనికిరానిది పెట్టెకు భేషుగ్గా సరిపోతుంది.

ఫిబ్రవరి 8

3,450. 15 శాతం.

మార్చి 10

3,390, అంటే 13 శాతం. నెలలో రెండు శాతమే తగ్గింది. ఇక్కడ చాలామంది తొందరపడతారు. పలకలు ఎండలో పరుస్తారు, పై ముఖం గబగబా ఎండి లోపల తేమ అలాగే ఉండిపోతుంది. పడమటి గాలి మొదలైంది కాబట్టి నెట్ ఇంకో పొర వేశాం.

చెక్క ఎంతవరకు ఆరుతుందన్నది చుట్టూ ఉన్న గాలి చెబుతుంది. 30 డిగ్రీల వేడి, గాలిలో 80 శాతం తేమ ఉంటే చెక్క 16 శాతం దగ్గర ఆగిపోతుంది. 65 శాతం ఉంటే 12. 40 శాతం ఉంటే ఏడున్నర. గోదావరి పక్క శ్రావణమాసం మొదటి అంకె, హైదరాబాదు ఎండాకాలం చివరి అంకెకు దగ్గర. దేశాన్ని గాలిలో తేమను బట్టి నాలుగు మండలాలుగా విడగొట్టి, ఏ మండలంలో ఏ పనికి చెక్కలో ఎంత తేమ ఉండొచ్చో చెప్పే భారత ప్రమాణం ఐఎస్ 287 ఉంది. వస్తువు చివరికి ఏ ఊళ్లో ఉంటుందో అక్కడి అంకె చూసుకోవాలి, చేసే ఊరి అంకె కాదు.

ఏప్రిల్ 14. లోపలి పరీక్ష

3,330 గ్రాములు, 11 శాతం. బయటి పేర్పు పని అయింది.

పనిలోకి దిగే ముందు ఒక పరీక్ష. పలక మధ్యనుంచి నార వెంట 25 మి.మీ. ముక్క కోసి, దాన్ని నిలబెట్టి మందంలో నడిమి భాగం తీసేస్తే రెండు కొమ్ముల పంగలకర్రలా మిగులుతుంది. కొమ్ములు నిటారుగా ఉంటే మంచిది. వెంటనే లోపలికి ముడుచుకుంటే పలకలో బిగువు ఇరుక్కుని ఉంది: పై పొర ముందే ఎండి సాగిన స్థితిలో బిగుసుకుపోయింది, లోపలి పొర తర్వాత కుంచించుకుని దాన్ని నొక్కుతోంది. వెంటనే కాక రాత్రికి రాత్రి ముడుచుకుంటే లోపల ఇంకా తేమ ఉందని అర్థం.

ఐదు పలకలు చూశాం. నాలుగింటి కొమ్ములు నిలబడ్డాయి. పేర్పులో పై వరసది, రేకు కింద వేడి ఎక్కువ తగిలినది, రెండు మి.మీ. ముడుచుకుంది. దానికి విరుగుడు, పోయిన నీటిని వెనక్కి ఇవ్వడమే: తడి గోనెసంచులు కప్పి రెండు రోజులు, మళ్లీ నీడలో మూడు వారాలు. తర్వాతి పరీక్షకు కొమ్ములు దాదాపు నిటారు.

మిగతా 28 మి.మీ. పలకలన్నీ ఇంట్లోకి మార్చి, రీపర్ల మీదే ఒక నెల ఉంచాం.

మే 16. వామనగుంటల పీట

పలక 460 × 150, చిత్రిక పట్టాక మందం 25 మి.మీ. వరసకు ఏడు చొప్పున పద్నాలుగు గుంటలు. పొడవులో మొదటి గుంట మధ్య బిందువు కొసనుంచి 50 మి.మీ., అక్కడినుంచి 60 చొప్పున. వరసల మధ్య గీతలు ఒక అంచునుంచి 40, 110 దగ్గర. గుంట వ్యాసం 50, లోతు 15. గుంటకు ఐదు చింతపిక్కల చొప్పున 70 పిక్కలతో ఆట మొదలవుతుంది. ఆట సాగే కొద్దీ ఒక్క గుంటలోనే పదిహేను దాకా చేరతాయి కాబట్టి లోతు 12కి తగ్గిస్తే పొర్లిపోతాయి. వేళ్లు పట్టాలంటే వ్యాసం 45 కంటే తగ్గకూడదు.

చిత్రిక దగ్గరే అసలు చిక్కు. అల్లుకున్న నార వల్ల, ఒక దిశలో పడితే సగం చారలు నున్నగా వస్తాయి, పక్క చారల్లో చెక్క లేచిపోతుంది. తిరగేసి పడితే అవి ఇవి, ఇవి అవి అవుతాయి. ఉలి అప్పుడే నూరి, నోరు బాగా సన్నం చేసి, ఉల్లిపొర కంటే పలచగా తీస్తూ, చిత్రికను నారకు కొంత ఏటవాలుగా నడిపితే లేవడం తగ్గింది, పూర్తిగా పోలేదు. మిగిలినదానికి గీకుడు రేకు. పాత వడ్రంగులు పగిలిన గాజు పెంకుతో గీకేవారు. అది ఇప్పటికీ పనిచేస్తుంది, అంచు మొద్దుబారగానే ఇంకో పెంకు. ఉప్పు కాగితం 120, 180, 240 వరసలో. 80తో మొదలుపెడితే ఆ గీతలు ఈ చెక్కలో చివరిదాకా కనిపిస్తాయి.

గుంటలకు, అడుగు చదునుగా తొలిచే 50 మి.మీ. ఫోర్‌స్ట్‌నర్ బిట్టు. నిలువు డ్రిల్లు మీద నెమ్మది వేగంతో, పలకను బల్లకు బిగించి, మూడేసి మి.మీ.కి ఒకసారి పైకెత్తి పొట్టు ఊదాలి. ఎత్తకపోతే అంచు మాడి నల్లబడుతుంది. బిట్టు మధ్య ముల్లు గుంట లోతు కంటే మూడు నాలుగు మి.మీ. కిందికి దిగుతుంది. 25 మి.మీ. పలకలో 15 లోతుకు ఇది సరిపోతుంది, 18 మి.మీ. పలక అయితే ముల్లు అడుగున కనిపించేది. ముల్లు చేసిన చిల్లును గుండ్రటి ఉలితో అడుగు చుట్టూ తీసి గిన్నెలా మలిస్తే మాయమవుతుంది. పిక్కలు తీయడానికీ గుండ్రటి అడుగే సుఖం.

గుంటల మధ్య గోడ 10 మి.మీ.యే. ఆరో గుంటకూ ఏడో గుంటకూ మధ్య గోడ అంచు, నార ఎదురు తిరిగిన చోట, రెండు నూళ్ల మేర, అంటే పావు అంగుళం, లేచిపోయింది. ఆ పెచ్చు పోగొట్టుకోకుండా వెంటనే ఫెవికాల్‌తో అంటించి, టేపుతో కట్టి రాత్రంతా ఉంచితే అతుకు కనిపించదు. ముందే గుంట చుట్టుగీతను కత్తి మొనతో లోతుగా గీసి ఉంటే పెచ్చు లేచేది కాదు. మిగతా గుంటలకు అలాగే చేశాం.

గుంటలు తీసిన పీటను రెండు రోజులు రీపర్ల మీద నిలబెట్టి చూడాలి. లోపల తేమ ఉంటే, తెరుచుకున్న పైముఖం కొత్తగా ఎండి, గుంటల వైపుకి పీట దొన్నెలా వంగుతుంది. ఇది కదలలేదు.

జూన్ 8. వ్యాసపీఠం

420 × 170 × 22 మి.మీ. పలక. మేకు లేదు, కీలు లేదు, జిగురు లేదు. రెండు రెక్కలూ ఒకదానిలో ఒకటి ఇమిడిన కణుపుల మీద తెరుచుకుంటాయి. పలక పై కొసనుంచి 240 దగ్గర మొదలుపెట్టి, మందంతో సమానంగా 22 మి.మీ. పట్టీ అడ్డంగా గీయాలి. దాన్ని వెడల్పులో ఐదు గళ్లు చేస్తే గడి 34 మి.మీ. ఒకటి, మూడు, ఐదు ఒక రెక్కవి. రెండు, నాలుగు రెండో రెక్కవి. గళ్ల మధ్య గీత కొసల్లో 2 మి.మీ. బర్మా చిల్లు వేసి, సన్న రంపం అందులోంచి దూర్చి పట్టీ వెడల్పు మేరకే నిలువునా కోయాలి. తర్వాత ప్రతి గడికీ 45 డిగ్రీల వాలుతో సగం మందం దాకా ఉలి: ముందు ముఖం మీద బేసి గళ్లకు పై గీతనుంచి, సరి గళ్లకు కింది గీతనుంచి, వెనక ముఖం మీద దీనికి తలకిందులుగా. చివరికి రెండు కొసలనుంచీ పలక మందాన్ని నడిమికి చీల్చుకుంటూ పట్టీదాకా రావాలి. ఆ తర్వాతే కింది భాగంలో కాళ్ల మధ్య ఖాళీ కోయాలి. ముందే కోస్తే చీల్చే రంపం ఊగుతుంది.

ఏప్రిల్ పరీక్ష ఎందుకో ఇక్కడ తెలుస్తుంది. మందాన్ని చీల్చేటప్పుడు బిగువున్న పలక రంపాన్ని పట్టేసుకుంటుంది. రెండు రేకలూ కోసిన ముఖం వైపే వంగి రంపపు దారిని మూసేస్తాయి. పరీక్ష చేయని ఒక పలకతో తొలి ప్రయత్నం అలాగే పోయింది: నాలుగు అంగుళాలు దిగాక రంపం కదల్లేదు, మేకు కొట్టి తెరిస్తే కణుపు దగ్గర చీలింది. కొమ్ములు నిలబడిన పలకతో రెండో ప్రయత్నం చేస్తే రంపం చివరిదాకా నడిచింది. కణుపులు మొదట బిగువుగా ఉంటాయి, బలవంతంగా తెరవొద్దు. సన్న ఉప్పు కాగితం మడిచి సందులో ఆడించి, మైనం రుద్ది, రోజుకింత చొప్పున తెరవాలి.

జూన్ 27. పిండి

తొలకరి పడ్డ వారానికి, ఇంట్లో గోడవార పెట్టిన ఒక పలక కింద మైదాలాంటి పొడి. తెల్లచెక్కలో గుండుసూది తలంత చిల్లులు మూడు. ఇది నవంబరులో 'పూర్తిగా చేవ' అని మందులో ముంచకుండా వదిలేసిన ఆరింటిలో ఒకటి. బెరడు వైపు ఒక వేలు వెడల్పు తెల్ల మిగిలి ఉన్నా గమనించలేదు. ఆ తెల్ల అంచును పొడవునా కోసి కాల్చేశాం. మిగిలిన చేవను నల్ల పాలిథిన్ సంచిలో చుట్టి, మబ్బు లేని రోజు డాబా మీద ఉదయం పది నుంచి నాలుగు దాకా. వంటింటి థర్మామీటరు ముల్లును చెక్కలో వేసిన చిల్లులోకి దూర్చి చూస్తే లోపల 58 డిగ్రీలు చేరింది. చెక్క నడుమ 56 డిగ్రీలు అరగంట నిలిస్తే పురుగూ గుడ్డూ చస్తాయి. మిగతా ఐదింటినీ వెలుతుర్లో ఒక్కొక్కటే చూసి, తెల్ల కనిపించిన చోటల్లా తీసేశాం.

జులై 19. మూత పెట్టె

లోపలి కొలత 240 × 189, గాడిలో జారే మూత. మూత పలక వెడల్పు 200 మి.మీ. ఇక్కడ వేసవి చివర బిగించిన 8 శాతం చెక్క, శ్రావణంలో 15 శాతానికి ఎక్కుతుంది. ఏడు శాతం మార్పుకు ఇలాంటి పలక దాదాపు 1.5 శాతం వెడల్పెక్కుతుంది, అంటే 3 మి.మీ. మూతను గాడిలో అటూ ఇటూ బిగుతుగా కూర్చోబెడితే వానాకాలంలో కదలదు, లేదంటే పక్క పలకల అతుకులు విప్పుకుంటాయి. చేసినది జులైలో, చెక్క తూకం 14 శాతం చూపుతున్న రోజుల్లో. కాబట్టి పక్కకు అర మి.మీ. ఖాళీ చాలు, ఇక తగ్గడమే మిగిలింది. అదే వేసవి చివర చేసి ఉంటే పక్కకు ఒకటిన్నర మి.మీ. వదలాల్సి వచ్చేది. గాడి లోతు మాత్రం 6 మి.మీ. ఉంచాలి, వేసవిలో మూత సన్నబడినా జారి పడకుండా.

ఆగస్టు 5. మెరుగు

పీటకూ పెట్టెకూ చపడా (లక్క రేకులు). లీటరు స్పిరిటులో 120 గ్రాములు, రాత్రంతా నానబెట్టి వడకట్టి, బట్ట ఉండతో నాలుగు పూతలు. దిరిసెన రంధ్రాలు పెద్దవి, అద్దంలా రావాలంటే మొదటి రెండు పూతల మీద సన్న పొట్టు కలిపి రుద్ది నింపాలి. రంధ్రాలు కనిపించినా ఫర్వాలేదనుకుంటే అవసరం లేదు, మాకైతే కనిపిస్తేనే బావుంది. వాన పడుతున్న రోజు చపడా వేస్తే తెల్లగా పాలిపోతుంది. ఒకసారి పాలిపోయింది, మర్నాడు ఎండలో స్పిరిటు తడి గుడ్డతో తుడిస్తే తిరిగి రంగొచ్చింది. వ్యాసపీఠానికి ఉడికించిన అవిసె నూనె రెండు పూతలు, కణుపుల్లో పూత చేరకుండా. నూనె తుడిచిన గుడ్డలు ఉండ చుట్టి మూలన పడేయకూడదు, తమంతట తామే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి బయట తీగ మీద ఆరేశాం.

50 మి.మీ. పలకలు నాలుగూ ఇంకా పేర్పులోనే ఉన్నాయి. వాటి నమూనా ముక్క ఈ రోజు 19 శాతం. వానలకు మళ్లీ ఒక శాతం ఎక్కింది. తర్వాతి తూకం సంక్రాంతి తర్వాత.